చేదు నీళ్ల పంజరాలు

ఎలుకను పట్టుకోవడంలో మనుషులు సాధారణంగా రెండు తప్పులు చేస్తారు. భయపడేవాడు బిగించి పట్టుకుంటాడు; జాలిపడేవాడు వదులుగా పట్టుకుంటాడు. మొదటివాడి పిడికిట్లో అది ఊపిరాడక గింజుకుంటుంది, రెండోవాడి చేతిలో మెడ తిప్పి వేలు కొరుకుతుంది. ఖతీజాబీ చేతిలో ఈ రెండూ జరగవు. బొటనవేలూ చూపుడువేలూ మెడకు ఇరువైపులా ఆనించి, అరచేతిని వీపు కింద పరుపులా పరిచి ఆమె పైకి తీస్తే, తెల్లటి ఎలుక తాను పట్టుబడిన సంగతిని కొంత ఆలస్యంగా గ్రహించినట్టు ఊరుకుంటుంది. ఆ చేతిలో భయం లేదు. జాలి ఉన్నదా లేదా అన్నది చూసేవారికి తెలియదు. చాలా కాలంగా ఆమెకూ తెలియదు.

హనుమకొండ పొలిమేరలో ఒక ప్రైవేటు ఫార్మసీ కళాశాల ఉంది. దాని వెనుకవైపున, కిటికీలు లేని పొడుగాటి గదిలో, ప్రయోగాల కోసం పెంచే ఎలుకలు ఉంటాయి. చలువ యంత్రం ఎప్పుడూ ఒకే తీరున గురకపెడుతుంది. ఉదయం ఒక వేళకు దీపాలు వెలుగుతాయి, సాయంత్రం ఒక వేళకు వాటంతట అవే ఆరిపోతాయి. బయట వానైనా వడగాలైనా ఆ గదికి తెలియదు. అందులో ఖతీజాబీ చేరి ఇరవై ఏళ్లు కావస్తోంది.

ఆమె పుట్టింది నెక్కొండ దగ్గరి పల్లెలో, మేకలు కొని అమ్మే ఇంట్లో. పెళ్లయి వరంగల్ మట్టెవాడకు వచ్చింది. భర్త వలీ కాజీపేట స్టేషను బయట చాయ్ బండి నడిపేవాడు. కామెర్లు ముదిరి నడివయసు రాకుండానే పోయాడు. కూతురు మెహ్‌జబీన్ చంకలో ఉండగానే ఆమె ఈ కళాశాలలో ఊడ్చే పనికి కుదిరింది. ఒకరోజు తరగతిలో ఒక ఎలుక తప్పించుకుంది. కోటు తొడుక్కున్న పిల్లలందరూ స్టూళ్లెక్కి కేకలు పెడుతుంటే, చీపురు పక్కన పెట్టి, వంగి, కొంగుతో కప్పి దాన్ని పట్టింది ఖతీజాబీ. మేకపిల్లలను పట్టిన చేతికి అది పెద్ద పని కాదు. మరుసటి వారానికే ఆమెను జంతుశాలకు మార్చారు. జీవితంలో ఆమెకు దొరికిన ఒకే ఒక్క పదోన్నతి అది. అదీ ఆమె అడిగింది కాదు.

మొదటిసారి ఒక బృందం ఎలుకలను మత్తుమందు ఎక్కువిచ్చి చంపేటప్పుడు పట్టుకున్నది ఆమే. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని, ముద్ద ఎత్తలేక లేచిపోయింది. అప్పట్లో అక్కడ పనిచేసిన లెక్చరరమ్మ ఎవరో, ఆమె ముఖం చూసి, దారిన పోతూ ఒక మాట అన్నది: "ఫికర్ చెయ్యకు ఖతీజా. మనుషులకు పనికొస్తయ్ ఇవి."

పనికొస్తయ్. ఆ ఒక్క మాటను ఖతీజాబీ ఇంటికి తెచ్చుకుంది. ఎవరికి, ఎట్లా, ఎప్పుడు అని ఆమె అడగలేదు. అడిగితే ఆ మాట నిలుస్తుందో లేదో అన్న అనుమానం లోపల ఉండే ఉంటుంది. మనిషి నిద్రపోవడానికి ఒక వాక్యం చాలు. దాన్ని తట్టి చూడనంత కాలం అది గోడలాగే నిలబడుతుంది. దర్జీ వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుంటే సూది గుచ్చుకోదు, నిజమే. ఆ వేలికి బట్ట మెత్తదనమూ తెలియదు. ఏళ్లు గడిచేకొద్దీ ఖతీజాబీకి సూది మందు పేరు, జబ్బు పేరు, ఏ పంజరానికి ఏమిస్తున్నారన్న వివరం, ఏదీ పట్టకుండా పోయింది. పట్టుకోమంటే పట్టుకుంటుంది. వదలమంటే వదులుతుంది.

ఆమె ఇంటి పక్క వాటాలో రాజమౌళి ఉంటాడు. ఒకప్పుడు మండీబజార్‌లో పేరున్న దర్జీ. పెళ్లిళ్ల కాలంలో ఆయన కుట్టిన జాకెట్టు కోసం ఆడవాళ్లు ఆయన కొట్టు ముందు పోట్లాడుకునేవారు. మొదట కుడిచేతి బొటనవేలు వణికింది. తరువాత సూదిలో దారం ఎక్కనన్నది. ఆ తరువాత నడక పొట్టి పొట్టి అడుగులుగా మారి, గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోవడం మొదలైంది. ముఖం కూడా అట్లాగే నిలిచిపోయింది. నవ్వు వచ్చినా ఏడుపు వచ్చినా ఆ ముఖం మీదికి రాదు. గొంతులో మాత్రం పాత హాస్యం చెక్కుచెదరకుండా ఉంది. పెద్ద దవాఖానలో దానికి పార్కిన్సన్స్ అని పేరు చెప్పి గోలీలు రాసిచ్చారు. గోలీ వేసుకున్న కాసేపు మనిషి కదులుతాడు, ఆ తరువాత మళ్లీ బిగుసుకుంటాడు.

సంవత్సరం మొదట్లో, నెక్కొండ నుంచే వచ్చి పరిశోధన చేస్తున్న సుకన్య అనే అమ్మాయి, "ఆపా, ఈసారి మనం చూసేది వణుకు జబ్బు మందు" అన్నప్పుడు, చాలా ఏళ్ల తరువాత ఖతీజాబీ ఒక జబ్బు పేరును చెవిన వేసుకుంది. సొంత ఊరివైపు పిల్ల కాబట్టి మరికాస్త విన్నది. పొగతాగేవాళ్లలో ఈ జబ్బు కొంత తక్కువగా కనిపిస్తుందని పాత గమనిక ఒకటి ఉందట. పొగాకులోని నికోటిన్ మెదడులో ఏ తలుపులు తడుతుందో, పొగాకు కీడు లేకుండా ఆ తలుపులనే తట్టే మందు ఇదట. ఆ సాయంత్రమే ఈ సంగతి రాజమౌళికి చేరింది.

"ఆ! పొగాకా?" అన్నాడు రాజమౌళి, కదలని ముఖంతో. "మా ఆవిడ మాట ఇని బీడీలు ముట్టకపోతి. ఇప్పుడేమో తాగినోడే మంచిగున్నడంటాన్రు. ఏం నసీబు చెల్లె నాది!"

"బీడీలు కాదన్నా. పొగాకుకు చుట్టమసొంటి మందట. ఎలుకలకు ఇచ్చి చూస్తాన్రు."

"ఎలుకలకు నయమైతే చెప్పు. నేను గూడ పోయి ఓ పంజరంల కూసుంట. నువ్వే పట్టుకుందువు గని, నీ చెయ్యి మంచిదంట గద."

నవ్వాలో వద్దో ఖతీజాబీకి తెలియలేదు. నవ్వింది. అప్పటినుంచి వారానికి ఒకసారి ఆయన గడపలో నిలబడి, "ఏమన్న తేలిందా చెల్లె?" అని అడిగేవాడు. ఇంతకాలం ఆమె తలకింద పెట్టుకున్న 'పనికొస్తయ్' అన్న మాటకు ఇప్పుడొక ముఖం దొరికింది. ఆ ముఖం కదలదు, అంతే.

ప్రయోగం రంజాన్ నెలకు కాస్త ముందుగా మొదలైంది. సుకన్య ప్రతిరోజూ వచ్చి ఒక్కొక్క ఎలుకకు చర్మం కింద సూది వేసేది, ఖతీజాబీ పట్టుకునేది. కొన్ని పంజరాలకు పచ్చ చీటీలు అంటించి ఉన్నాయి. మొదటి రోజే సుకన్య ఒక మాట గట్టిగా చెప్పింది.

"ఆపా, పచ్చ చీటీ పంజరాల నీళ్ల సీసాలు నువ్వు ముట్టకు. నేనే నింపుత, నేనే తూకమేస్త."

"ముట్టనులే బిడ్డా. నీ సీసాలు నీకే ముబారక్."

ఎందుకని ఆమె అడగలేదు. ఎందుకో సుకన్యా చెప్పలేదు. వీధిలో ఏ డాక్టరు దగ్గరికి పోయినా సూది వేస్తేనే మందు పడ్డట్టు, గోలీ చేతికిస్తే ఉత్త చేతులతో తిరిగివచ్చినట్టు భావించే ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి ఖతీజాబీ. మందు సూదిలో ఉంటుంది. నీళ్లు నీళ్లే. ఎంత తాగుతున్నాయో లెక్క కోసం సీసా తూకం వేస్తున్నారని ఆమె తనకు తానే నిర్ణయించుకుంది, నిర్ణయించుకున్న సంగతి కూడా తెలియకుండా.

రంజాన్ మొదలైంది. రోజా ఉపవాసం ఉన్నా ఖతీజాబీ డ్యూటీ మారలేదు. సాయంత్రం దీపాలు ఆరేవరకు ఉండి, పక్కనున్న చిన్న గదిలో ఖర్జూరంతో, నీళ్లతో రోజా విడిచి, ఆ తరువాత ఆటో ఎక్కేది. ఎలుకలకు సాయంత్రమే తెల్లవారడం. దీపాలు ఆరే వేళకు అవి ఒళ్లు విరుచుకుని లేచి, మొదట నీళ్ల గొట్టం దగ్గరికే వస్తాయి. సరిగ్గా అదే వేళకు, నాలుక అంగిలికి అతుక్కుపోయి, మసీదు పిలుపు కోసం చెవులు రిక్కించుకుని ఆమె పక్కగది తలుపుకున్న అద్దం ఇవతల కూర్చుని ఉండేది. అప్పుడే గమనించింది. మిగిలిన పంజరాల్లోవి కడుపునిండా తాగుతున్నాయి. పచ్చ చీటీ పంజరాల్లోవి మాత్రం గొట్టానికి నాలుక తగిలించి, వెనక్కి జరిగి, ముందుకాళ్లతో మూతి తుడుచుకుంటున్నాయి. మళ్లీ వస్తున్నాయి, మళ్లీ తుడుచుకుంటున్నాయి. దప్పిక ఉంది; తాగవు.

నెక్కొండ పల్లెలో ఆమె తల్లికి ఒక నియమం ఉండేది. ఇఫ్తార్ వేళ ముందు మేకల తొట్టిలో, కోళ్ల చిప్పలో నీళ్లు పోసి, ఆ తరువాతే తన లోటా ఎత్తేది. నోరున్న జీవి దప్పికతో చూస్తుండగా మన గొంతులో నీళ్లు దిగితే ఆ రోజా దేవుడికి చేరదని ఆమె నమ్మకం. అది ఏ మౌల్వీ చెప్పిందో ఎవరికీ తెలియదు. తల్లి చేసేది చూసి కూతురికి అబ్బింది.

ఖతీజాబీ సీసాలు ముట్టలేదు. చిన్న స్టీలు మూతల్లో మంచినీళ్లు పోసి, పచ్చ చీటీ పంజరాల్లో ఒక్కొక్కటి పెట్టింది. ఎలుకలు వాటిమీద పడి, మూతలు ఖాళీ అయ్యేదాకా తాగాయి. మళ్లీ పోసింది. పిలుపు వినిపించింది. ఆమె తన ఖర్జూరం నోట్లో వేసుకుంది. ఇంటికి వెళ్లేముందు మూతలు తీసి, కడిగి, బోర్లించింది. దాచడానికి కాదు, సామాను ఎక్కడిది అక్కడ పెట్టడం ఆమెకు అలవాటు. మరునాడూ అట్లాగే పోసింది. పండుగ దాకా అట్లాగే.

ఇందులో దయ ఉన్నదని చెప్పవచ్చు. కానీ ఆ దయను ఎక్కువగా మెచ్చుకోవడానికి చెయ్యి రాదు. చేతికి అలవాటైన పనికీ మనసు తలచి చేసిన పనికీ మధ్య తేడా ఉంది. ఖతీజాబీ ఆ మూతల్లో నీళ్లు పోసేటప్పుడు ఆమె లోపల ఏదో కరిగిందనుకుంటే అది మన ముచ్చట. తల్లి చెయ్యి కదిలినట్టు ఆమె చెయ్యి కదిలింది. అంతకుమించి ఆమె ఆలోచించి ఉంటే, ఇవి ఎందుకు తాగడం లేదని సుకన్యను ఒక్కమాట అడిగి ఉండేది.

సుకన్యకు సీసాల తూకంలో తేడా కనిపించింది. పచ్చ చీటీ ఎలుకలు చాలా తక్కువ తాగుతున్నాయి. ఆమె కంగారుపడి, గైడు భానుచందర్ సార్‌ను అడిగింది. నీళ్లు తక్కువ తాగితే మందు తక్కువ చేరుతుంది గనుక, నీళ్లల్లో మందు మోతాదు కొంచెం పెంచమన్నాడు ఆయన. పెంచింది. నీళ్లు మరింత చేదెక్కాయి. సాయంత్రానికి మంచినీళ్లు వస్తాయని ఎరిగిన ఎలుకలు సీసాల వైపు వెళ్లడం ఇంకా తగ్గించాయి. రక్తంలో మందు ఎంత చేరిందో చూసే యంత్రం కళాశాలలో లేదు. వాటి బరువు పడిపోలేదు, ఎండిపోయినట్టూ లేవు. అలవాటు పడ్డాయి కాబోలనుకుంది సుకన్య. ఒకే గదిలో ఇద్దరు మనుషులు, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం, ఒకే ఎలుకలను ఎదురెదురు దిక్కులకు లాగుతూ నెల గడిపారు.

పండుగ వెళ్లిన తరువాత పరీక్షలు మొదలయ్యాయి. ఎలుక ముందుకాళ్లు రెండూ ఎత్తుగా ఉన్న ఒక సన్నటి కడ్డీ మీద ఆనించి వదిలేస్తారు. ఆరోగ్యంగా ఉన్నది వెంటనే దిగిపోతుంది. జబ్బు పట్టినది దిగదు. ఎవరు ఎట్లా నిలబెడితే అట్లాగే, మరిచిపోయిన బొమ్మలా నిలబడిపోతుంది. ఖతీజాబీ ఒక్కొక్కదాన్ని తెచ్చి పెడుతుంటే, సుకన్య గడియారం నొక్కి చూసేది. పచ్చ చీటీ పంజరాల ఎలుకలు కడ్డీ మీద నిలబడి, ముందున్న గోడకేసి చూస్తూ ఉండిపోయాయి. ఖతీజాబీకి రాజమౌళి గడపలో నిలబడే తీరు గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చినదాన్ని పక్కకు పెట్టింది.

చివరి ఎలుకను పంజరంలో దించాక సుకన్య చేతితొడుగులు విప్పి స్టూలు మీద కూలబడింది.

"అయిపోయిందాపా. మందు పనిచెయ్యలే. ఇచ్చినా ఇయ్యకున్నా ఒక్కతీరే ఉన్నయ్."

"రోజు సూది పొడిచినవు గద బిడ్డా. అయినా నయం కాలే?"

సుకన్య అలసటగా నవ్వింది. "సూదిల ఉన్నది మందు కాదాపా, విషం. వాటికి జబ్బు తెప్పిచ్చుడానికి. పురుగుల మందు జాతిది."

"మరి మందు?"

"మందు నీళ్లల్ల ఉండె. పచ్చ చీటీ సీసాలల్ల. అందుకే నిన్ను ముట్టద్దన్న." ఆమె తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. "ఎల్లుండి వీటిని తీసేద్దాం. మెదళ్లు చూసి, పనిచెయ్యలేదని రాసుకునుడే ఇగ."

ఖతీజాబీ గుడ్డ తీసుకుంది. బల్ల తుడిచింది. కడ్డీ తుడిచి మూలన పెట్టింది. బోర్లించిన స్టీలు మూతలు అరమీద వరుసగా ఉన్నాయి. వాటిని చూసింది, చూపు మరల్చింది. చేతిలో చాలాసేపు మంచుగడ్డ పట్టుకున్నవాడికి వేళ్లు తనవి కానట్టుంటాయే, అట్లా అనిపించింది. ఆటోలో సుబేదారి దాటి, హనుమకొండ చౌరస్తాలో దిగి, మట్టెవాడ ఆటో ఎక్కేసరికి ఒక్క సంగతి మాత్రం తేటపడింది. నోరు మూసుకుంటే, పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియని మందు పనిచేయదన్న పేరుతో మూలన పడుతుంది. ఆ ఎలుకల చావు అబద్ధానికి సాక్ష్యమవుతుంది. నోరు విప్పితే, మళ్లీ ఒక గది నిండా ఎలుకలను తెచ్చి, విషం పొడిచి, కడ్డీ మీద నిలబెట్టాలి. పట్టుకునేది తనే. ఏ దారిన పోయినా 'పనికొస్తయ్' అన్న మాట ఈ ఎలుకలకు ఇక దక్కదు.

గల్లీలో రాజమౌళి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమన్న తేలిందా చెల్లె?"

"పనిచెయ్యలేదట అన్నా."

ఆయన ముఖంలో ఏమీ కదలలేదు. కదిలే ముఖం కాదది. ఆశ చచ్చిందో, మొదటినుంచీ ఆశే లేదో, ఆ ముఖం ఎదుట నిలబడ్డ మనిషి తెలుసుకునే దారి లేదు. లాలాజలం జారుతుంటే భుజం మీది తువ్వాలతో మెల్లగా తుడుచుకున్నాడు.

"సరే తియ్," అన్నాడు. "ఎలుకలు గూడ నా లెక్కనే మొండియి ఉన్నట్టున్నయ్. నువ్వేం జేస్తవ్? నువ్వు పట్టుకున్నవ్, వాళ్లు పొడిచిన్రు."

ఖతీజాబీ లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. అన్నం వండింది, తిన్నది. ముద్ద గొంతు దిగింది. అన్నం దిగడమే ఆమెకు ఆ రోజు వింతగా తోచింది.

మరునాడు పొద్దున సుకన్య కోటు తగిలించుకోకముందే ఆమె చెప్పింది. ముందువెనుకలు లేకుండా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది: రంజాన్ నెల పొడుగునా పచ్చ చీటీ పంజరాల్లో మంచినీళ్లు పెట్టాను, కడుపునిండా తాగాయి, నువ్వు సీసాలు ముట్టొద్దన్నావు, ముట్టలేదు.

సుకన్య చేతిలోని కోటు స్టూలు మీద పడేసింది.

"రోజు పెట్టినవా?"

"రోజు."

"ఆపా... నన్ను ముంచినవ్ ఆపా." గొంతు పెరిగింది. "నేను మందు పెంచుకుంట పోతాన, నువ్వు నీళ్లు పోసుకుంట పోతానవా? ఒక్కమాట! ఒక్కమాట అడగరాదా నువ్వు?"

"అడగకపోతి బిడ్డా. ఇరవై ఏండ్ల సంది ఏదన్న అడిగిన్నా నేను?"

అది సమాధానమో ఫిర్యాదో సుకన్యకు అర్థం కాలేదు. ఆమె ఏడ్చింది. ఖతీజాబీ పక్కన నిలబడింది. భుజం మీద చెయ్యి వేయాలనిపించలేదు, వేయలేదు.

భానుచందర్ సార్ గదిలో మాటలు క్లుప్తంగా జరిగాయి. ఆయన కోపగించుకునే మనిషి కాదు. ఆయన విసుగు చల్లగా ఉంటుంది.

"నీళ్లల్ల మందు ఉన్నదని నీకు ఎవరన్న చెప్పిన్రా ఖతీజమ్మా?"

"చెప్పలే సార్. నేను అడగలే."

"నేనే చెప్పలే సార్," అన్నది సుకన్య, గోడవైపు చూస్తూ.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడు సుకన్యా, ఇట్లనే రాసి ఇచ్చినా ఎవరూ అడుగరు. ఫలితం రాలేదని రాసిన థీసిస్‌లు మన లైబ్రరీల బొచ్చెడున్నయ్. మళ్ల మొదలుపెడితే జంతువుల కమిటీ పర్మిషన్ కావాలె, నీ గడువు పొడిగించుకోవాలె. ఆలోచించుకో."

"ఆ ఎలుకలకే మళ్ల మందునీళ్లు పెట్టి చూడరాదా సార్?" అన్నది ఖతీజాబీ. ఆ గదిలో ఆమె ఏదైనా అడగడం అదే మొదటిసారి.

సార్ తల అడ్డంగా ఊపాడు. "విషం పని అయిపోయింది. మందు ముందునుంచే ఉండాలె, వాకిట్ల కాపలా ఉన్నట్టు. దొంగ ఎత్తుకపోయినంక కాపలా పెడితే ఏం లాభం?"

సుకన్య రెండు రోజులు కళాశాలకు రాలేదు. వచ్చి, "మళ్ల చేస్త సార్" అన్నది. దాన్ని ఆదర్శమని పిలవడం తొందరపాటవుతుంది. అబద్ధమని తెలిసిన ఫలితాన్ని సొంత పేరు కింద జీవితాంతం మోయడం కన్నా మరో ఏడాది కష్టపడడం తేలికని ఆమె లెక్క వేసుకుని ఉండవచ్చు. కొన్నిసార్లు మనిషిని నిజం వైపు నడిపించేది ధైర్యం కాదు, బద్ధకం లాంటిదే ఏదో. అబద్ధాన్ని రోజూ కాపాడుకునే ఓపిక లేకపోవడం. ఖతీజాబీని పనిలోంచి తీసేసే మాట రాలేదు. తీసేస్తే పట్టుకునే చెయ్యి మరొకటి వెంటనే దొరకదు.

పాత ఎలుకలను నియమం ప్రకారం తీసేశారు. విషం ఎక్కించిన జంతువును మరో పనికి వాడరాదు, బయట వదలరాదు. ఒక్కొక్కదాన్ని ఖతీజాబీ ఎత్తి పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనిది, ఈసారి లోపల చెప్పుకోవడానికి మాట ఏదీ మిగల్లేదు. వాటికి మంచినీళ్లు పోసింది, ఆ నీళ్లే వాటి చావును వట్టిది చేశాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఏడవడానికి ప్రయత్నించింది కూడా. కన్ను పొడిగానే ఉంది. పని అయ్యాక చేతులు కడుక్కుని, పంజరాలు తోమి ఎండలో పెట్టింది.

ఆ సాయంత్రం రాజమౌళికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన విని, గొంతులో దగ్గులాంటి చప్పుడు చేశాడు. నవ్వుతున్నాడని అర్థం కావడానికి ఆమెకు కొంత సేపు పట్టింది.

"ఉపాసం నువ్వుంటివి, నీళ్లు వాటికి పోస్తివి! ఎంత పనిచేసినవ్ చెల్లె!"

"నవ్వకు అన్నా."

"నవ్వక ఏం జెయ్యాలె? ఏడిస్తె మూతి కదలదు, నవ్వితె మూతి కదలదు. ఏదో ఒకటి." మళ్లీ అడిగాడు: "అంటె మందు పనిచెయ్యదని కాదు గద?"

"కాదు. పనిచేస్తదని గూడ కాదు. తెల్వదు."

"మళ్ల ఎప్పుడు తెలుస్తదట?"

"మళ్ల చెయ్యాలె. కొత్త ఎలుకలు రావాలె. ఏడాది పట్టచ్చు."

రాజమౌళి చెయ్యి మోకాలి మీద తనకు తానే కదులుతూ ఉంది. ఏడాది తరువాత తాను ఏ స్థితిలో ఉంటాడో ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉండడం ఆయన మర్యాద. "ఏడాదా? ఎటు పోత? కాళ్లు కదిలితె గద పోయేది," అన్నాడు. క్షమించాడని ఆమె అనుకోలేదు. క్షమించమని ఆమె అడగనూ లేదు.

అనుమతి వచ్చేసరికి వానలు పడ్డాయి. కొత్త ఎలుకలు అట్టపెట్టెల్లో దిగాయి. గదికి, చేతికి అలవాటు పడేందుకు కొన్నాళ్లు వాటిని ఊరికే ఉంచారు. మందునీళ్లు ముందే మొదలుపెట్టారు. ఈసారి నీళ్లల్లో తీపి కలిపారు, అన్ని పంజరాలకూ. అయినా చేదు పూర్తిగా పోదని సుకన్య ముందే చెప్పింది. ఈసారి ఆమె అన్నీ చెప్పింది: ఏ పంజరంలో ఏముంది, ఏది ఎందుకు. వింటూ ఉంటే ఖతీజాబీకి మొదట్లో తల తిరిగింది. ఇన్నేళ్లు పేరు తెలియకుండా చేసిన పనులకు పేర్లు తెలుస్తుంటే బరువు దిగలేదు, కొత్తగా ఎక్కింది.

సూది మొదలుపెట్టే రోజున మొదటి ఎలుకను ఎత్తి పట్టుకుని ఆమె అడిగింది.

"ఇది విషమేనా బిడ్డా?"

"విషమే ఆపా."

"పొడువు."

సాయంత్రం దీపాలు ఆరడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. సుకన్య వెళ్లిపోయింది. ఖతీజాబీ స్టూలు తెచ్చుకుని పచ్చ చీటీ పంజరం ముందు కూర్చుంది. ఎలుక లేచి, ఒళ్లు విరుచుకుని, గొట్టం దగ్గరికి వచ్చింది. నాలుక తగిలించింది. వెనక్కి జరిగి మూతి తుడుచుకుంది. పంజరపు గాజులోంచి ఎర్రటి కళ్లతో ఇటువైపు చూసింది, లేదా చూసినట్టు ఆమెకు తోచింది. గదిలో కుళాయి ఉంది, రెండడుగుల దూరంలో. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"తాగు," అన్నది. "అది మందే. తాగు."

ఎలుక మూలకు వెళ్లి పొట్టులో మూతి దూర్చింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వెనక్కి పోయింది. ఖతీజాబీ లేవలేదు. తనకు ఏమీ అనిపించడం లేదని ఆమె అనుకుంది. కానీ దవడ ఎంత బిగపట్టుకుందో, తరువాత నొప్పి పుట్టినప్పుడు గానీ తెలియలేదు. చాలాసేపటికి ఎలుక గొట్టాన్ని పట్టుకుని, ఈసారి వదలకుండా, కొద్దికొద్దిగా తాగడం మొదలుపెట్టింది. సీసాలో చిన్న బుడగ ఒకటి పైకి లేచింది.

ఆమె లేచి, స్టూలును పక్క పంజరం ముందుకు జరుపుకుని కూర్చుంది.